మామ్మ ఫోనుకు వచ్చిన నష్టం

బుల్లబ్బాయి తాతయ్య కాకినాడలో ఒక ఎరువుల ఫ్యాక్టరీ గేటు దగ్గర కాటా గుమస్తాగా పనిచేసి రిటైరయ్యాడు. లారీ కాటా ఎక్కేది, ఆయన కళ్ళద్దాలు ముక్కు మీదికి జారవిడిచి బరువు చూసేవాడు, చీటీ రాసేవాడు. కిలో తేడా వచ్చినా లారీని కదలనిచ్చేవాడు కాదు. "బాబ్బాబూ, ఆ కిలో నా పొట్టేనండి" అని డ్రైవరు బతిమాలితే, "అయితే నువ్వు దిగి అవతల నించో, మళ్ళీ చూస్తాను" అనేవాడు. నించోబెట్టేవాడు కూడా.

అంతటి మనిషి, రిటైరై కడియం దగ్గరి సొంతూరికి వచ్చేశాక తన షేర్లని మాత్రం ఏనాడూ కాటా ఎక్కించలేదు.

ఫ్యాక్టరీ వాళ్ళు ఇచ్చిన డబ్బులో కొంత బ్యాంకులో వేసి, మిగిలింది షేర్లలో పెట్టాడు. కొనడానికి ఆయనకొక పద్ధతి ఉండేది. కంపెనీ పేరులో లక్ష్మి ఉంటే సగం నమ్మకం కుదిరేది. సూర్యుడు ఉంటే ముప్పావు. ఒకసారి బ్యాంకులో కూర్చున్న కుర్చీలో నడుం నొప్పి తగ్గిందని, ఆ కుర్చీని తిరగేసి అడుగున పేరు చదివి, మర్నాడు ఆ కంపెనీ షేర్లు కొన్నాడు. కుర్చీ మంచిదే. కంపెనీయే పడుకుంది.

మొన్న మార్చితో ముగిసిన ఏడాది ఊళ్ళో ప్రతివాడూ షేర్లలో ఎంతో కొంత వెనకేసుకున్నాడని చెప్పుకునేవారు. ఆ ఏడాదే తాతయ్యకి మూడు లక్షల ఇరవై వేలు పోయాయి. అదెలా సాధ్యమని అడగకూడదు. మార్చి నెలలో ఒక రోజు ఆయనకి భయం పట్టుకుంది, ఉన్నవన్నీ అమ్మి పారేశాడు. అమ్మిన సాయంత్రం టీ కొట్టు దగ్గర ఎవరో "మార్కెట్టు ఎలా ఉందండీ?" అంటే, మీసం తుడుచుకుని, "మనకేం, బ్రహ్మాండం" అన్నాడు. ఇంటికొచ్చాక మామ్మ అడిగినా అదే మాట.

మామ్మ పేరు అచ్చాయమ్మ. ఆమెకి షేర్ల గురించి ఏమీ తెలియదు గానీ దేవుడి గురించి బాగా తెలుసు. తాతయ్య షేర్లు కొనడం మొదలుపెట్టిన ఏడాదే అన్నవరం స్వామికి మొక్కుకుంది. ఆయన షేర్లు చల్లగా ఉంటే ఏటా కొండ మీద ఒక వ్రతం చేయించుకుంటానని. ఏటా వెళ్ళే ముందు తాతయ్యని అడిగేది.

"ఈ ఏడు ఎలా ఉన్నాయండీ?"

"నువ్వు నిక్షేపంగా వెళ్ళి చేయించుకో."

మొదట్లో అది నిజమే. ఏటా అయిదో పదో వేలు మిగిలేవి. ఈ ఏడు మాత్రం నిజం కాదు. అయినా మాట మార్చలేదు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. వంటింటి పెంకులు కారుతున్నాయి. వాన పడితే మామ్మ ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో గొడుగు పట్టుకుని పప్పు తాలింపు వేసేది. షేర్ల లాభంతో వంటింటి మీద స్లాబు వేయిస్తానని తాతయ్య మాటిచ్చాడు. ఇప్పుడు లాభం లేదు. ఆ ముక్క చెప్పలేక, "షేర్లు కదపకూడదే, పెరుగుతున్న మొక్కని పీకుతామా? కాకినాడలో స్థలం అమ్మేద్దాం" అన్నాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు చవగ్గా కొన్న ఇళ్ళ స్థలం అది. బేరం కుదిరింది. దసరా వెళ్ళాక రిజిస్ట్రేషను.

అమ్మితే పన్ను ఎంత పడుతుందో కనుక్కోడానికి జులై మొదట్లో రాజమండ్రి వెళ్ళాడు. దానవాయిపేటలో ఆశాజ్యోతి అని, ఆదాయపు పన్ను రిటర్నులు వేసిపెట్టే అమ్మాయి. కాకినాడ ఫ్యాక్టరీలో తాతయ్యతో కలిసి పనిచేసిన శాంతికుమార్ గారి కూతురు. చిన్నప్పుడు గేటు దగ్గరికి వస్తే తాతయ్య ఆమెని లారీ కాటా మీద నించోబెట్టి, "సున్నా కిలోలు. నువ్వు ఇంకా పుట్టలేదు" అనేవాడు. ఆ చనువు కొద్దీ ఆమె ఆయన కాగితాలన్నీ చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"అంకుల్, ఈ నష్టం బంగారం."

తాతయ్యకి ఆ మాట అర్థం కాలేదు. నష్టాన్ని బంగారం అన్న మనిషిని ఆయన అంతవరకూ చూడలేదు.

"నష్టాన్ని గడువులోగా రిటర్నులో చూపించామనుకోండి, అది మీ పేరు మీద నిలబడుద్ది. రేపు స్థలం అమ్మితే లాభం వస్తది కదా? ఆ లాభంలోంచి ఈ మూడు లక్షల ఇరవై వేలూ తీసేసి, మిగిలిన దానికే పన్ను కట్టొచ్చు. తక్కువలో తక్కువ నలభై వేలు మిగులుద్దండీ మీకు. రేపే అని కాదు, ఎనిమిదేళ్ళ దాకా మోసుకుపోవచ్చు."

"చూపించకపోతే?"

"పోయింది పోయినట్టే. గడువు జులై ముప్పై ఒకటి. తరవాత వేసినా రిటర్ను తీసుకుంటారు గానీ, నష్టాన్ని మోసుకుపోనివ్వరు. ఒక్క రోజు లేటయినా సరే."

నలభై వేలంటే స్లాబుకి కావలసిన ఇనుము. తాతయ్యకి లెక్క తెలుసు. కానీ రిటర్ను వెయ్యాలంటే ఒక చిక్కుంది. పన్నుల వాళ్ళ వెబ్‌సైటులోకి వెళ్ళే పాస్‌వర్డు ఆయన మర్చిపోయాడు. కొత్తది కావాలంటే ఆధార్‌కి కలిపిన ఫోనుకి ఓటీపీ వస్తుంది. ఆధార్ తీయించుకున్న రోజుల్లో ఇంట్లో ఒకటే ఫోను, అది మామ్మది. అంటే మామ్మని అడగనిదే పని జరగదు. అడిగితే, "ఎందుకండీ?" అంటుంది. మామ్మ ఎందుకండీ అంటే సమాధానం వచ్చేదాకా అక్కడే నిలబడుతుంది.

అప్పుడు తాతయ్యకి ఆషాఢం గుర్తొచ్చింది.

"ఆషాఢమాసమమ్మా. మంచి పని ఏదీ మొదలెట్టకూడదు. శ్రావణం రాగానే వేసేద్దాం."

"శ్రావణం ఆగస్టులో కదా అంకుల్ వచ్చేది!"

"అదేలే. చూద్దాం."

ఆశాజ్యోతి వాళ్ళది చర్చికి వెళ్ళే కుటుంబం. ఆషాఢం మీద ఆయనతో వాదించడం మర్యాద కాదేమోనని ఊరుకుంది. ఇంటికొచ్చి మామ్మకి కూడా అదే చెప్పాడు. రిటర్ను వెయ్యాలనీ, ఆషాఢం కాబట్టి శ్రావణంలో మంచి ముహూర్తం చూసి వేస్తాననీ. "లాభాలు రాసే కాగితం కదా, మంచి రోజు వెయ్యాలి" అని ఒక మాట ఎక్కువ కూడా అన్నాడు. ఎక్కువ మాట అనకుండా ఉండడం ఆయన వల్ల కాదు.

నెలంతా అలా గడిచింది. వాన పడినప్పుడల్లా మామ్మ గొడుగు తీసేది, తాతయ్య పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. నెలాఖరు రోజు ఏకాదశి. మామ్మ తన చెల్లెలు సూర్యకళని వెంటబెట్టుకుని తెల్లవారుతూనే అన్నవరం బస్సెక్కింది. "మీ లాభాలకి దణ్ణం పెట్టి వస్తానండీ" అని చెప్పి వెళ్ళింది. ఆషాఢంలో వ్రతమేంటే అని తాతయ్య గొణిగితే, "మీ కాగితాలకి గానీ దేవుడికి ఆషాఢమేంటండీ" అంది.

ఆమె వెళ్ళాక తాతయ్య కాఫీ చేసుకున్నాడు. తాగలేకపోయాడు. తన అబద్ధానికి కృతజ్ఞత చెప్పడానికి ఆవిడ కొండెక్కుతోంది. ఇనుము కొట్టుకి పోవలసిన డబ్బు రేపటినుంచి సర్కారుకి పోబోతోంది. రెండూ ఒకే రోజు. చొక్కా వేసుకుని రాజమండ్రి బస్సెక్కాడు.

బస్సులో ఊరుకుని కూర్చుంటే బాగుండేది. దారి పొడుగునా ఫోనులో షేర్ మార్కెట్టు వీడియోలు చూశాడు. ఎర్ర టై కట్టుకున్న ఒకాయన ఇంకా ఏమేం కొనాలో చెబుతున్నాడు. దానవాయిపేట చేరేసరికి ఫోను చచ్చిపోయింది.

"వచ్చారా అంకుల్! రండి రండి. నేనే ఫోన్ చేద్దామనుకుంటున్నాను. రిటర్నంతా రెడీగా పెట్టాను" అంది ఆశాజ్యోతి.

"ఆషాఢం మాటేంటి మరి?" అని తనే అడిగి, "ఫర్లేదులే, ఏకాదశి మంచిదే" అని తనే సమాధానం చెప్పుకున్నాడు తాతయ్య. తన ఫోను చార్జింగుకి పెట్టి, ఆశాజ్యోతి ఫోను తీసుకుని మామ్మ నంబరు కొట్టాడు. స్పీకరు వేసి బల్ల మీద పెట్టాడు.

"అచ్చాయమ్మా, నేనే. నీ ఫోనుకి ఇప్పుడొక ఓటీపీ వస్తది. ఆరంకెలు. చదివి చెప్పు."

అవతల మామ్మ గొంతు వినబడింది, ఎవరితోనో మెల్లిగా. "ఓటీపీ అంటన్నాడే."

"చెప్పకే అక్కా!" అని సూర్యకళ అరిచింది. "ఏ నంబరు? కొత్త నంబరు! చూశావా! నాకూ ఇలాగే వచ్చింది మొన్న!"

సూర్యకళకి ఆర్నెల్ల కిందట ఎవడో బ్యాంకు మేనేజర్నని ఫోన్ చేసి, ఓటీపీ చెప్పించుకుని ఖాతాలో ఉన్నదంతా ఊడ్చుకుపోయాడు. అప్పట్నుంచి ఆమె ఎవరికీ ఓటీపీ చెప్పదు. ఎవర్నీ చెప్పనివ్వదు. పాలవాడు టైమెంతండీ అంటే కూడా చెప్పదు.

"ఒసే, నేనేనే, మీ బావగారిని" అన్నాడు తాతయ్య.

"మా బావగారి గొంతు ఎవరైనా చేస్తారు. ఇప్పుడు కంప్యూటర్లే గొంతులు చేస్తన్నాయంట. అక్కా, ఏదైనా అడుగు వీణ్ణి."

మామ్మ గొంతు సవరించుకుంది. "నువ్వు మా ఆయనవే అయితే చెప్పు. కాకినాడలో మేమున్న ఇంటి ఓనరు పేరేంటి?"

నలభై ఏళ్ళ కాపురంలో మామ్మ ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. తాతయ్య ఆశాజ్యోతి వైపు చూడలేక గోడ వైపు చూశాడు.

"చంద్రరావు గారు."

"అదెక్కడో కాగితాల్లో ఉంటదక్కా. ఇంట్లో సంగతి అడుగు."

"సరే. నాకిష్టమైన కూర ఏంటి?"

"గుత్తివంకాయ!" అన్నాడు తాతయ్య ఉత్సాహంగా.

అవతల ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. "తప్పు చెప్పాడక్కా. నీకు పనసపొట్టు కదా?" "అదేనే నా అనుమానం. గుత్తివంకాయ ఆయనకిష్టం. నాకేది ఇష్టమో ఆయనకి తెలీదు. దొంగయితే కనుక్కునైనా చెప్పేవాడు. నిజంగా ఆయనేనేమో."

ఆశాజ్యోతి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనేనే బాబూ! రిటర్ను వెయ్యాలి. ఇవాళే."

"ఎందుకంట ఇవాళ?"

నిజం చెప్పడానికి అదే సమయం. కానీ స్పీకరు వేసి ఉంది, ఎదురుగా ఆశాజ్యోతి ఉంది, అవతల మరదలు ఉంది. తాతయ్య నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"లాభాలు రాయించాలి."

"సూర్యా, వీడు దొంగేనే" అంది మామ్మ. "మా ఆయన ఆషాఢంలో లాభాలు రాయించడు. శ్రావణంలో ముహూర్తం చూసుకుని ఉన్నాడు. పెట్టెయ్ ఫోను, వెధవా!"

ఫోను కట్టయింది.

ఆశాజ్యోతి నవ్వాపుకుని, మంచినీళ్ళ గ్లాసు ముందుకి తోసింది. "అంకుల్, ఆంటీకి నిజం చెప్పేయండి. అంతకంటే వేరే దారి లేదు."

ఆయన ఫోను కాస్త ఊపిరి పోసుకుంది. ఈసారి సొంత నంబరు నుంచి చేశాడు. మామ్మ ఎత్తగానే, ఆగితే ధైర్యం పోతుందని గబగబా చెప్పేశాడు.

"అచ్చాయమ్మా, నాకు షేర్లలో నష్టం వచ్చింది. మూడు లక్షల ఇరవై వేలు పోయింది. అది రాయించడానికి ఓటీపీ కావాలి."

"అయ్యో అయ్యో, ఫోను కూడా కొట్టేశావా!" మామ్మ కేక దానవాయిపేట రోడ్డు దాకా వినబడి ఉంటుంది. "మా ఆయన్ని ఏం చేశావురా? మా ఆయనకి నష్టం రావడమేంటి? ఏ ఏడూ రాలేదు. ఊరంతటికీ తెలుసు. అబద్ధమాడినా అతికినట్టు ఆడాలి!"

"వ్రతానికి పిలుస్తన్నారక్కా, రా" అంటోంది సూర్యకళ. "ఫోను ఆపేయ్. ఆపేస్తే ఏ దొంగా ఏం చెయ్యలేడు."

ఫోను ఆగిపోయింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. మళ్ళీ చేసినా అదే.

ఇన్నేళ్ళుగా తాతయ్య చెప్పిన ప్రతి గొప్పా మామ్మ నమ్మింది. ఆ నమ్మకం ఇప్పుడు గోడలా అడ్డం నిలబడి, ఆయన నోట నిజం వస్తే లోపలికి రానివ్వడం లేదు. అలాంటి మాట ఆయనకి తోచిందో లేదో తెలియదు. ఆయన అన్నది మాత్రం, "ఆశమ్మా, అన్నవరం బస్సు ఎన్నింటికి?" అని.

"మీరు వెళ్ళి అక్కణ్ణించి ఫోన్ చేయండి. నేను ఓటీపీ పంపిస్తాను. ఎంతసేపైనా ఇక్కడే ఉంటాను" అంది ఆశాజ్యోతి. తన లంచ్ బాక్సులో పులిహోర కూడా ఆయన చేతిలో పెట్టింది. తాతయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో నిటారుగా కూర్చున్నాడు. ఈసారి వీడియోలు చూడలేదు. ఏం చెప్పాలో పెదాలు కదుపుతూ ఒకటికి రెండుసార్లు అనుకున్నాడు. పక్క సీటాయన, ఏకాదశి కదా, ఈ పెద్దాయన జపం చేసుకుంటున్నాడనుకుని మర్యాదగా జరిగి కూర్చున్నాడు.

కొండ మీదికి చేరేసరికి వ్రతాలు అయిపోయి జనం బయటికి వస్తున్నారు. మామ్మా, సూర్యకళా ఒక గోడ నీడన కూర్చుని విస్తరాకు పొట్లాలు విప్పి ప్రసాదం తింటున్నారు. మామ్మ చేతిలోని ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది.

"ఏవండీ! మీరేంటి ఇక్కడ? బాగానే ఉన్నారా? మీ ఫోను ఎవడో కొట్టేశాడండీ! మీ గొంతు చేసి, మీకు నష్టమొచ్చిందని చెప్పి, ఓటీపీ అడిగాడు దొంగ వెధవ!"

తాతయ్య చెప్పులు విడిచి ఆమె ఎదురుగా కింద కూర్చున్నాడు.

"ఆ దొంగ వెధవని నేనే."

సూర్యకళ పొట్లం మడిచేసి, అటు తిరిగి కొండని చూడడం మొదలుపెట్టింది. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

మామ్మ, చేతిలోని ప్రసాదం కింద పెట్టకూడదు కాబట్టి నోట్లో వేసుకుంది. నమిలింది. మింగింది. అంతసేపూ ఆయన్నే చూస్తోంది.

"అయితే ఇందాక లోపల నేను స్వామికి చెప్పుకున్నది?"

తాతయ్య తల వంచుకున్నాడు.

"ఈ ఏడు కూడా చల్లగా చూశావు తండ్రీ అని చెప్పానండీ. పంతులుగారు సంకల్పం చెప్పేటప్పుడు మీ పేరు గట్టిగా చెప్పాను, ఆయనకి సరిగ్గా వినబడాలని. డబ్బు పోతే పోయింది. నాకు ముందే చెబితే ఏం పోయేది? కాపాడు తండ్రీ అని చెప్పుకునేదాన్ని కదా. అదీ దణ్ణమే."

రాజమండ్రిలో ఆశాజ్యోతి ఓటీపీ పంపడానికి కూర్చుని ఉందని మాత్రం తాతయ్య గొణిగాడు. ఒక కోతి వచ్చి ఆశాజ్యోతి ఇచ్చిన పులిహోర బాక్సు వైపు చూస్తే, దాన్ని అదిలించే ఓపిక కూడా లేనట్టు కూర్చున్నాడు. మామ్మే అదిలించింది. కొంగుకి చెయ్యి తుడుచుకుని, ఫోను తీసి ఆన్ చేసింది.

"చెయ్యమనండి ఆ అమ్మాయిని."

తాతయ్య తన ఫోనులో ఆశాజ్యోతికి చెప్పాడు. కాసేపటికి మామ్మ ఫోను టింగుమంది. తాతయ్య చెయ్యి చాపాడు. మామ్మ ఫోను గుండెకి ఆనించుకుంది.

"ఎంత పోయింది?"

"చెప్పాను కదే, ఫోన్లో."

"అప్పుడు చెప్పింది దొంగ. మీరు చెప్పండి."

"మూడు... మూడు దాకా."

"దాకా?"

"మూడు లక్షల ఇరవై వేలు."

"నాలుగు" అంది మామ్మ. తాతయ్య తికమకపడ్డాడు. "మొదటి అంకె నాలుగండీ. ఆ అమ్మాయికి చెప్పండి."

"నాలుగమ్మా" అన్నాడు తాతయ్య ఫోనులో.

"కుర్చీలవాడి షేరు లేచిందని పోయిన సంక్రాంతికి నాకు చెప్పారు. లేచిందా?"

"లేదు. కూర్చుంది."

"ఏడు. టీ కొట్టు దగ్గర అందరికీ కొనమని చెప్పారంట. ఎవరైనా కొన్నారా?"

"ఒకళ్ళిద్దరు. కొని అప్పుడే అమ్మేసుకున్నారు. వాళ్ళకి లాభమే వచ్చిందే. నేనే పట్టుకు వేలాడాను."

సూర్యకళ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"సున్నా" అంది మామ్మ. ఆ మాట అంకె గురించో, తాతయ్య గురించో చెప్పలేదు.

ఫోనులో ఆశాజ్యోతి గొంతు సన్నగా వినిపించింది. "అంకుల్, టైం అయిపోతుందండీ. మిగతావి కూడా చెప్పెయ్యమనండి ఆంటీని. ఇది అయిపోతే మళ్ళీ కొత్తది పంపించాలి."

"పంపించనీ. నాకింకా అడగాల్సినవి ఉన్నాయి" అంది మామ్మ. కానీ తాతయ్య మొహం చూసింది. చెమట కళ్ళద్దాల మీదికి కారుతోంది. పొద్దుటినుంచీ ఏమీ తిన్నట్టు లేదు. ఫోను ఆయన చేతిలో పెట్టేసింది. "చదువుకోండి."

తాతయ్య చదివాడు. ఆఖర్న రిటర్ను తనదేనని ఒప్పుకోడానికి ఇంకో ఓటీపీ కావాలంది ఆశాజ్యోతి. అదీ వచ్చింది. ఈసారి మామ్మ తనే ఫోనుకి నోరు దగ్గర పెట్టి గడగడా చదివేసింది. మధ్యలో ఏమీ అడగలేదు. పెద్దవన్నీ అడగడం అయిపోయింది. చిన్నవాటికి ఇంటికెళ్ళాక బోలెడు టైముంది.

"అయిపోయిందండీ! మీ నష్టం భద్రంగా ఉంది" అంది ఆశాజ్యోతి.

"ఎన్నాళ్ళుంటదమ్మా?" అని మామ్మ అడిగింది.

"ఎనిమిదేళ్ళు ఆంటీ."

"అన్నేళ్ళెందుకూ! దసరాకే వాడేస్తాం" అంది మామ్మ. అప్పుడు తాతయ్య మొదటిసారి తలెత్తాడు. వాడేస్తారు అనలేదు. వాడేస్తాం అంది.

తరవాత ఆయన్ని దర్శనం లైన్లో నించోబెట్టింది. స్వామికి అసలు లెక్క ఆయనే చెప్పుకోవాలంది. తాతయ్య లోపలికి వెళ్ళి చేతులు జోడించి చాలాసేపు నిలబడ్డాడు. బయటికొచ్చాక, "ఎంతని చెప్పారు?" అని సూర్యకళ అడిగితే, "ఆయనకి ముందే తెలుసులే" అన్నాడు. "దాకా అనలేదు కదా?" అంది మామ్మ.

పొద్దు వాలే వేళకి బస్సు దొరికింది. మామ్మా సూర్యకళా ఒక సీట్లో, తాతయ్య వాళ్ళ వెనక సీట్లో. పులిహోర ఆయన అప్పుడు తిన్నాడు. మామ్మ వెనక్కి తిరగకుండానే మంచినీళ్ళ సీసా అందించింది.

రాజానగరంలో లోవరాజు ఎక్కాడు. వాళ్ళ ఊరివాడే. పూలమొక్కల నర్సరీ ఉంది. టీ కొట్టు దగ్గర తాతయ్య మాటలు నోరు తెరుచుకుని వినేవాళ్ళలో మొదటివాడు. తాతయ్యని చూడగానే, బస్సు కుదుపుల్లో కడ్డీలు పట్టుకుంటూ వచ్చేశాడు.

"ఆయ్, బుల్లబ్బాయి గారూ! అన్నవరం వెళ్ళొస్తున్నారాండీ? మొక్కులా? ఈ ఏడు బాగా గిట్టుబాటయి ఉంటాది మీకు."

ముందు సీట్లో మామ్మ తల కదలలేదు. కదలకుండా ఉండడానికి ఎంత కష్టపడుతోందో మెడ వెనక నరం చూస్తే తెలుస్తోంది. తాతయ్య మీసం తుడుచుకోబోయి, చెయ్యి దింపేశాడు.

"లేదు లోవరాజూ. మూడు లక్షల ఇరవై వేలు పోయింది."

బస్సులో వాళ్ళు ఇద్దరు ముగ్గురు ఇటు తిరిగారు. లోవరాజు కడ్డీ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తరవాత ముందుకీ వెనక్కీ ఒకసారి చూసుకుని, తాతయ్య పక్కన కూలబడి, ఆయన చెవి దగ్గరికి వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"మీకు మూడేనాండీ?"